రిజిస్టరుకెక్కని పదకొండు మంది

రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా, అంటే పెద్దగా ఏ పనీ చెయ్యకుండా రిటైరైన మనిషిని నేను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు బస్టాండులోనో పెళ్లిళ్లలోనో కనపడి "మీ అనుభవం చెప్పండి సార్" అంటుంటారు. అనుభవమంటే వాళ్ల ఉద్దేశం, ఎక్కడ ఎలా తప్పించుకోవాలో చెప్పమని. అది నాకు బాగానే తెలుసు. మా సీనియర్లు నేర్పింది కూడా అదే, కాగితం లేనిదే ఏదీ నమ్మవద్దు, రాయవద్దు అని. నేను దాన్ని శ్రద్ధగా పాటించాను. పాటించి ఒక ముసలాయనకు ఎంత అన్యాయం చేశానో ఇవాళ చెబుతాను.

అప్పుడు నేను మైపాడు అవతల సముద్రం ఒడ్డున ఒక ఊరికి వీఆర్వోని. రిటైరు కావడానికి ఏడాదికి కాస్త ఎక్కువ ఉంది. ఆ ఊళ్లో పద్దెనిమిది కుటుంబాలు యూదులు. నమ్మరని తెలుసు, నేనూ మొదట నమ్మలేదు. కూలికి పోయేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, అందరూ మనలాగే తెలుగు మాట్లాడేవాళ్లు. ఒకప్పుడు చర్చికి వెళ్లేవారట. తర్వాత వాళ్లలో ఒక పెద్దమనిషి బైబిలు పదేపదే చదివి, మనం మొదటి సగమైన పాత నిబంధన దగ్గరే ఆగాల్సిన వాళ్లమని తేల్చాడు. అప్పటి నుంచి వాళ్లకు ఆదివారం పోయి శనివారం వచ్చింది. శుక్రవారం పొద్దుగూకేలోగా దీపాలు వెలిగించి పనులు ఆపేస్తారు. శనివారం చీకటిపడి ఆకాశంలో మూడు చుక్కలు కనపడే దాకా రాయరు, ఫోనెత్తరు, బండెక్కరు. ఊరివాళ్లు వాళ్లకు 'శనివారం వాళ్లు' అని పేరు పెట్టారు. వారంలో ఏడు రోజులూ రాయని, ఫోనెత్తని మా ఆఫీసుకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. అదొక మర్యాద అనుకుంటాను.

వాళ్లు సర్కారును అడిగింది ఒక్కటే. సరుగుడు తోటల వెనక ఎందుకూ పనికిరాని పోరంబోకు ఇసుక నేల ఉంది, అందులో పది సెంట్లు శ్మశానానికి ఇమ్మన్నారు. అప్పటిదాకా వాళ్లలో ఎవరైనా పోతే పక్క జిల్లాలో వాళ్ల చుట్టాలున్న ఊరికి వ్యానులో ఐదు గంటలు తీసుకుపోయి పూడ్చిపెట్టేవారు. ఆ ఫైలు విచారణకు నా సంచిలోకి వచ్చింది.

ఒక ఆదివారం వాళ్ల ప్రార్థన ఇంటికి వెళ్లాను. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకొక నల్లబల్ల. బల్ల మీద సుద్దతో 'ఈ వారం చేతులు కావాలి' అని రాసి ఉంది. దాని కింద పనులు, ఒక్కో పనికి ఎదురుగా ఒప్పుకున్న వాళ్ల పేర్లు. మంచానపడ్డ ముసలామెకు తోడుండటానికి ఇద్దరు. చావు జరిగిన ఇంటికి మొదటి పూట అన్నం మోసుకుపోవడానికి ముగ్గురు, ఎందుకంటే ఆ పూట ఆ ఇంటివాళ్లు సొంత అన్నం తినకూడదట. పోయినవాళ్లకు స్నానం చేయించడానికి నలుగురు. మట్టి వెయ్యడానికి ఎంతమందైనా. పదో మనిషిగా రావడానికి ఒకరు.

ఆ బల్ల రాసేది ఒక అంగన్‌వాడీ టీచరు. "పదో మనిషంటే ఏందమ్మా?" అని అడిగాను.

"పదిమంది మగోళ్లు చేరితేనే మా ప్రార్థన మొదలయ్యేది సార్. తొమ్మిదిమంది వచ్చి కూసోనుండి, పదోవాడు రాకుంటే అందురూ ఆగిపోవాల. అందుకని ఒకరు ముందుగానే ఒప్పుకుంటారు."

మా ఆఫీసులో ఒక్కడు రాకపోయినా పని ఆగుతుంది, అందరూ వచ్చినా ఆగుతుంది, కాబట్టి ఈ లెక్క నాకు అర్థంకావడానికి కొంచెంసేపు పట్టింది. పైగా మన దగ్గర వలంటీరంటే కొన్నాళ్లు ఒక ఉద్యోగం పేరు కదా. అందుకని, దీనికేమైనా ఇస్తారా అని కూడా అడిగాను.

ఆమె నవ్వింది. "చచ్చిపోయినోళ్లకు స్నానం చేపిస్తే వాళ్లేమిస్తారు సార్? తిరిగి మనకేం చెయ్యలేరు గదా. అందుకే అది అన్నిట్లోకి పెద్ద పని అంటాడు మా నాయన."

బల్ల పక్కన మేకుకు ఒక స్కూలు నోటుబుక్కు దారంతో వేలాడుతోంది. గడిచిన వారంలో ఎవరెవరు ఏ పని చేశారో ఆదివారం నాడు అందులో ఎక్కిస్తారట. రిజిస్టరు కనపడితే నా చేతులు ఊరుకోవు. తిరగేశాను. పేర్లున్నాయి, పనులున్నాయి, సంతకాల గడి మాత్రం లేదు. "సంతకాలేవి?" అన్నాను. "సంతకమెందుకు సార్?" అంది. ఇంత అమాయకులకు స్థలం ఇస్తే ఏం నిలబెట్టుకుంటారు అని జాలిపడ్డాను.

వాళ్ల నాయన మూల కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఆ ఊళ్లో సగంమంది స్కూలు బట్టలు కుట్టిన టైలరు, వాళ్ల సంఘానికి పెద్ద. గుండె జబ్బు. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతాడు. మిషను మీద తెల్లటి నూలు చొక్కా లాంటిది ఒకటి పెట్టుకుని, చేత్తో కుడుతున్నాడు. తీసి చూశాను. జేబు లేదు. జేబు లేని చొక్కా మా శాఖలో ఎవరూ తొడగరు కాబట్టి అటూ ఇటూ తిప్పి మరీ చూశాను.

"దీనికి జేబు పెట్టకూడదు సార్. దారానికి ముడి కూడా ఎయ్యకూడదు" అన్నాడు.

"ఎవరికి పెద్దాయనా?"

"నాకే. మట్టిలోకి పొయ్యేటప్పుడు తొడిగేది. మావోళ్లందరికీ నేనే కుట్టినా. నాది ఇంకోడు కుడితే కుట్టు వంకరబోతాదని నేనే మొదులుపెట్టినా."

నేను దాన్ని గబుక్కున మిషను మీద పెట్టేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆయన చూసి కూడా చూడనట్టున్నాడు.

"ఈ ఊళ్లో పుట్నాను, ఈ ఊరి గుడ్డలే కుట్నాను. పోయినాక వ్యానులో ఐదు గంటలు తిరగలేను సార్. బట్ట సిద్ధంగా ఉండాది. స్థలమే మీకాడ ఉండాది."

"చూద్దాం పెద్దాయనా" అన్నాను. చూద్దాం అని మేమంటే కళ్లు మూసుకుంటామని అర్థం, అది పాపం ఆయనకు తెలియదు. ఫైలు నాలుగు నెలలు నా సంచిలో పడుకుంది.

ఈలోగా సరుగుడు తోట ఆసామి ఆక్షేపణ పెట్టాడు. వీళ్లు ఊరి మంచిచెడ్డల్లో కలవరనీ, శనివారం నాడు ఇల్లు కాలిపోతున్నా బిందెడు నీళ్లు పొయ్యరనీ, ఇలాంటివాళ్లకు ఊరి స్థలం ఎందుకనీ రాశాడు. దానిమీద నన్ను రిపోర్టు అడిగారు. ఇంతలో తుఫాను వచ్చింది.

శనివారం మధ్యాహ్నం తీరం దాటుతుందని కబురు. శుక్రవారమే వలంటీర్ల జాబితా తయారు చెయ్యమన్నారు. ముప్పైమంది కుర్రాళ్ల పేర్లు రాశాను. ప్రార్థన ఇంటి వీధికి ఎదురుగా మాత్రం నా సొంత దస్తూరీతో 'శనివారం అందుబాటులో ఉండరు' అని రాసి, నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున ముప్పైమందిలో నలుగురు వచ్చారు. అందులో ఇద్దరు టిఫిను ఎప్పుడని కనుక్కోవడానికి వచ్చారు. తొమ్మిదింటికి, వర్షంలో, నడుచుకుంటూ పదకొండుమంది వచ్చారు. ముందు అంగన్‌వాడీ టీచరు. ప్రార్థన మధ్యలో ఆపి వచ్చారట.

"ఏందమ్మా, ఇయ్యాల శనివారం గదా?" అన్నాను.

"మనుషులు మునిగిపొయ్యేటట్టుంటే శనివారమేంది సార్. యాడికి పోవాలో చెప్పండి."

ఒడ్డున ఉన్న పాలెంలో నడవలేని ముసలివాళ్లు, బాలింతలు ఉండిపోయారు. వీళ్లు నులకమంచాలు తిరగేసి, వాటి మీద వాళ్లను పడుకోబెట్టి, మోకాటి లోతు నీళ్లలో తుఫాను షెల్టరుకు మోశారు. ఎన్నిసార్లు తిరిగారో నేను లెక్కపెట్టలేదు. పర్యవేక్షణ అనే పని ఒకటి ఉంటుంది కాబట్టి నేను గొడుగు వేసుకుని వాళ్ల వెనక బయలుదేరాను. పాలెం మలుపులో కాలు జారి కాలవలో పడ్డాను. మడమ బెణికి లేవలేకపోయాను. ఇద్దరు నన్ను కూడా మంచం మీద వేసుకుని షెల్టరుకు తెచ్చారు. గొడుగు మాత్రం నేనే పట్టుకున్నాను.

నాలుగింటికి పైనుంచి ఆదేశం వచ్చింది. వలంటీర్లందరి సంతకాలు, ఒక గ్రూపు ఫొటో, ఐదింటికల్లా జీపులో పంపాలి. ఆ కబురు ఏ గాలిలో వెళ్లిందో గానీ, పొద్దుటి నుంచి కనపడని ఇరవై ఆరుమందీ పొడిబట్టలతో దిగారు. తల దువ్వుకుని మరీ వచ్చారు. సంతకాలు పెట్టి ఫొటోలో ముందు వరస ఆక్రమించారు. తడిసి ముద్దయిన పదకొండుమంది మాత్రం వరండాలో పక్కకు నిలబడ్డారు.

టైలరు పెద్దాయన్ను కూడా ఆ రోజు షెల్టరుకే మోసుకొచ్చారు. నేను ఆయన దగ్గరికి కుంటుకుంటూ వెళ్లాను. "మీవాళ్లకు చెప్పు పెద్దాయనా. ఒక్క సంతకం. మీ ఫైలుకు కూడా మంచిది."

ఆయన కాసేపు ఊపిరి తీసుకుని చెప్పాడు. "ప్రాణం పొయ్యేటట్టుంటే శనివారమైనా మొయ్యాల, తవ్వాల, బండి తోలాల సార్. చెయ్యకుంటే పాపం. సంతకం పెట్టకుంటే ఎవురి ప్రాణం పోతాది?"

"నా ప్రాణం" అన్నాను.

పెద్దాయన నవ్వబోయి దగ్గాడు. "మూడు చుక్కలు కనపడినాక పెడతారు లెండి."

"తుఫానులో చుక్కలు యాడ కనపడతాయయ్యా!"

"కనపడకుంటే చీకటి బాగా ముదిరిందాకా చూస్తారు. రోజూ పొద్దుగూకుతాది గదా సార్, ఇయ్యాలా గూకుతాది."

జీపు ఐదింటికి రిజిస్టరు తీసుకుని వెళ్లిపోయింది. ఏడు దాటాక పదకొండుమందీ నా బల్ల ముందు వరసగా వచ్చి నిలబడ్డారు. బట్టలు ఇంకా ఆరలేదు. "ఇప్పుడు పెడతాం సార్" అన్నారు. ఒక తెల్లకాగితం తీసి పదకొండు సంతకాలు పెట్టించుకుంటే అయిపోయేది. నాకు కాలు నొప్పిగా ఉంది, ఆకలిగా ఉంది. రేపు చూద్దామన్నాను. వాళ్లు సరేనని వెళ్లిపోయారు. నేను తర్వాత చూడలేదు.

ఆ తర్వాత వచ్చిన జెండా పండక్కి ముప్పైమందికీ ప్రశంసాపత్రాలు ఇచ్చారు. మా తహసీల్దారు మేడమ్ వయసులో చిన్నదే గానీ పనిచేసే మనిషి. మా శాఖలోకి ఎలా వచ్చిందో ఏమో. శ్మశానం ఫైలు ఆమె కంటపడింది. నన్ను పిలిచి, "దీంట్లో ఏముంది సార్? ఊరి పనుల్లో కలవరని కదా ఆక్షేపణ. తుఫాను డ్యూటీ రిజిస్టరు నకలు పెట్టి, వీళ్లు పనిచేశారని రిపోర్టు ఇవ్వండి. ఈ వారమే సిఫార్సు చేసి పంపేస్తాను" అంది.

నకలు తెప్పించాను. అందులో వాళ్ల పేర్లు ఎక్కడుంటాయి? మా ఆఫీసు సీనియర్ అసిస్టెంటును సలహా అడిగాను. నాకు ఉద్యోగం నేర్పింది ఆయనే.

"నేను కళ్లతో చూశానండీ" అన్నాను.

"నువ్వు చూశావు, సరే. చూశానని రాస్తే, చూడమని నీకు ఎవరు చెప్పారంటారు. అవతల ఆసామి ఊరుకునే రకం కాదు. రిజిస్టరులో లేని పేర్లు ఎలా వచ్చాయని కాగితం పెడితే నీ పెన్షను దాకా పోతుంది. ఉన్నది రాయి" అన్నాడు.

ఉన్నది రాశాను. 'రిజిస్టరును పరిశీలించగా, అర్జీదారులు తుఫాను విధుల్లో పాల్గొన్నట్టు ఆధారాలు లభ్యం కాలేదు.' ఈ వాక్యం రాస్తున్నప్పుడు నా మడమకు కట్టు ఇంకా ఉంది. పెన్ను ఎక్కడా ఆగలేదు. చదువుకున్నవాడి సిగ్గు అంత తొందరగా బయటికి రాదు. ఫైలు ఆ కాగితంతోనే మళ్లీ పడుకుంది.

నెలన్నర తర్వాత ఒక శుక్రవారం, పదకొండు గంటలప్పుడు అంగన్‌వాడీ టీచరు ఫోను చేసింది.

"నాయన పోయినాడు సార్. పొద్దుగూకేలోగా మట్టి చెయ్యాల. రేపు చెయ్యకూడదు. యాడ చెయ్యమంటారు?"

తిట్టలేదు, ఏడవలేదు. యాడ చెయ్యమంటారు అని అడిగిందంతే. ఆ ఫైలులో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న అదొక్కటే. ఐదు గంటల ప్రయాణం చేసి పక్క జిల్లాలో పూడ్చే వేళ లేదు. ఉన్నా ఆ ముసలాయన వద్దన్నాడు, నాతోనే అన్నాడు.

వాళ్ల శ్మశానంలో చోటు అడుగుదామని ముందు చర్చి పెద్ద దగ్గరికి పరిగెత్తాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. "మంచోడు సార్. నా పెండ్లి ప్యాంటు ఆయన కుట్టిందే. కానీ మా రిజిస్టర్లో ఆయన పేరు కొట్టేసి ముప్పై ఏండ్లయింది. నేను సరేనన్నా సంఘం ఒప్పుకోదు" అన్నాడు. ఆయనను ఏమని అడగను? ఇద్దరం రిజిస్టర్ల వాళ్లమే. ఆఫీసుకు వచ్చాను. మేడమ్ నెల్లూరులో మీటింగులో ఉంది, ఫోను కలవలేదు.

"సోమవారం దాకా ఆగమను" అన్నాడు సీనియర్ అసిస్టెంటు.

"శవాన్నా?"

"ఫైలు ఆగలేదా ఇన్నాళ్లు" అన్నాడు ఆయన, టీ గ్లాసు కింద పెట్టకుండానే. నా గొంతే నాకు వినపడినట్టయింది. ఆయన మీద కోపం రాలేదు, నామీద నాకు అసహ్యం వేసింది.

తెల్లకాగితం తీసుకుని రాశాను. 'తుఫాను రోజున ప్రార్థన ఇంటి వీధికి చెందిన పదకొండుమంది పనిచేయగా నేను స్వయంగా చూశాను. నన్ను కూడా మంచం మీద మోసుకొచ్చారు. వారిచేత సంతకాలు చేయించుకోకపోవడం నా తప్పు. ఇదివరకటి నా రిపోర్టు తప్పు.' రెండుసార్లు తప్పు అని రాశాను. సర్వీసులో నాగురించి నేను ఆ మాట రాయడం అదే మొదలు. ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. తర్వాత ఊళ్లోకి వెళ్లి, టేపు పట్టుకుని, సరుగుడు తోట వెనక పది సెంట్లు కొలిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టించాను. అలా చేసే అధికారం నాకు లేదు. తోట ఆసామి వచ్చి "ఎవురిచ్చినారు ఆర్డరు?" అని గదిమాడు. "నేనే" అన్నాను. మీ సంగతి చూస్తానని ఫోను తీసుకుంటూ వెళ్లిపోయాడు.

నాలుగు దాటాక తెచ్చారు. పూలు లేవు, డప్పులు లేవు. తను కుట్టుకున్న తెల్లబట్టలోనే ఉన్నాడు పెద్దాయన. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. ఇసుక నేల కావడంతో గొయ్యి అంచులు జారుతుంటే పలకలు అడ్డంపెట్టి దించారు.

తర్వాత మట్టి వెయ్యడం మొదలుపెట్టారు. ఒక్కటే పార. ఒకడు నాలుగు పారలు వేసి, పక్కవాడి చేతికి ఇవ్వకుండా కింద పెట్టేశాడు. ఇంకొకడు వంగి తీసుకున్నాడు. అతనూ కింద పెట్టాడు. నేను ఒక పక్కన నిలబడి, ఎవరైనా నాకు అందిస్తే నేనూ నాలుగు పారలు వేద్దామని చూస్తున్నాను. మా ఆఫీసులో ఏదైనా ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి వస్తేనే కదా కదిలేది. ఎంతసేపు చూసినా ఎవరూ అందించలేదు. పొద్దు సరుగుడు చెట్ల మీదికి దిగుతోంది.

టీచరు నా వైపు చూసింది. "మేం చేతికి అందీయం సార్. ఎవురికి వాళ్లు తీసుకోవాల."

పార ఇసుకలో పడి ఉంది. వంగి తీసుకున్నాను. బెణికిన మడమ నొప్పి పెట్టింది. ఎన్ని పారలు వేశానో తెలియదు, కళ్లు మసకబారాయి. ఎవరైనా చూస్తే చెమట అనుకుంటారులే అనుకున్నాను. నేనూ దాన్ని కింద పెట్టాను, ఎవరో తీసుకున్నారు. పొద్దుగూకక ముందే పని ముగిసింది. వాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుని, దీపాలు వెలిగించుకోవాలని గబగబా వెళ్లిపోయారు.

సోమవారం నాకు మెమో వచ్చింది. మేడమ్ ఒక చేత్తో అధికారం లేని పని ఎందుకు చేశావని నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది, ఇంకో చేత్తో నా రెండో రిపోర్టు జతచేసి ఫైలును సిఫార్సు చేసింది. రెండింటి మీదా తేదీ ఒకటే. పైవాళ్లు మధ్యలో ఒకసారి, అది శ్మశానమనడానికి ఆధారమేమిటని అడిగారు కూడా. నన్ను మందలింపుతో వదిలేశారు. స్థలం మంజూరైన కాగితం నేను రిటైరైన రెండో నెలలో వచ్చింది.

ఆ కబురు విని ఒక ఆదివారం ప్రార్థన ఇంటికి వెళ్లాను. కుట్టుమిషను మూలనే ఉంది, మీద గుడ్డ కప్పి ఉంది. టీచరు టీ తెచ్చింది. అలవాటు కొద్దీ నేను మేకుకున్న నోటుబుక్కు తీసి తిరగేశాను. తుఫాను వారం పేజీ వచ్చింది. పదకొండు పేర్లూ ఉన్నాయి. ఎవరెవరిని మోశారో కింద రాసి ఉంది, చివర 'వీఆర్వో సార్, కాలు నొప్పి' అని ఉంది. ఆధారాలు లభ్యం కాలేదని రాసినవాడు ఒక్క ఆదివారం వచ్చి ఈ పుస్తకం తెరిచి ఉంటే సరిపోయేది.

ఇంకొన్ని పేజీలు తిప్పాను. పెద్దాయన పోయిన వారం. స్నానం చేయించినవాళ్లు నలుగురు. మొదటి పూట అన్నం తెచ్చినవాళ్లు ముగ్గురు. మట్టి వేసినవాళ్లు చాలామంది, పేర్లు రెండు వరసలు పట్టాయి. రెండో వరస చివర మళ్లీ 'వీఆర్వో సార్' అని ఉంది.

పుస్తకం ఆమె వైపు తిప్పాను. "నేను దీంట్లో సంతకం పెట్టలేదు గదమ్మా" అన్నాను.

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంటూ అంది, "మేం చూసినాం గదా సార్. చాలదా?"